కలరాను ఆపిన ఇసుక: రాబర్ట్ కోచ్

రాబర్ట్ కోచ్ పేరు చెప్పగానే విద్యార్థులకు క్షయ గుర్తుకు వస్తుంది. 1882లో ఆ క్రిమిని వెల్లడించినది ఆయనే. తాగునీటికి ఆయన చేసిన మేలు మాత్రం అంతగా ప్రచారం పొందలేదు.

1843లో జర్మనీలోని క్లౌస్టాల్‌లో జన్మించిన కోచ్, కొంతకాలం ఒక చిన్న పట్టణంలో ప్రభుత్వ వైద్యునిగా పనిచేశారు. 1883లో కలరా పరిశోధనకై ఈజిప్టుకు, అక్కడినుండి కలకత్తాకు వచ్చారు. 1884లో కామా ఆకారపు కలరా క్రిమిని వేరుచేసి, అక్కడి చెరువు నీటిలోనూ దానిని కనుగొన్నారు.

అసలు పరీక్ష 1892లో హాంబర్గ్‌లో ఎదురైంది. ఎల్బే నది నీటిని వడగట్టకుండానే కుళాయిలకు వదిలిన ఆ నగరంలో సుమారు 8,600 మంది కలరాకు బలయ్యారు. పొరుగునున్న ఆల్టోనా, హాంబర్గ్ మురుగు కలిసిన దిగువ నీటినే తోడుకొన్నప్పటికీ, ఇసుకలో వడగట్టి సరఫరా చేసింది. రెండు ఊళ్ల సరిహద్దు వీధిలో హాంబర్గ్ వైపు ఇళ్లలో కలరా. ఎదుటి వైపున దాని జాడ అతి స్వల్పం. గాలి ఒకటే, నేల ఒకటే, నీరు వేరు. సరిహద్దున బ్రతుకుతున్న మనకు ఆ వీధిని ఊహించుకొనుట కష్టం కాదు! నేల స్థితిగతులే ప్రధానమని వాదించిన పెట్టెన్‌కోఫర్ పంతం కొద్దీ కలరా క్రిములను మింగి బ్రతికి బయటపడ్డారు గాని, ఆ వీధి ముందు ఆయన వాదం నిలువలేదు.

విచిత్రమేమంటే, ఇసుకపై పేరుకొనే జిగట పొరలోని సూక్ష్మజీవులే వ్యాధిక్రిములను అడ్డగిస్తాయి. అందుచేత ఆ పొర చెదరరాదు. ప్రతి వడపోత తొట్టి నీటిని ప్రతిదినం పరీక్షించాలనీ, మిల్లీలీటరుకు 100కు మించి క్రిములు ఉండరాదనీ కోచ్ నిర్దేశించారు.

హాంబర్గ్ వడపోత కేంద్రం 1892 నాటికి నిర్మాణంలోనే ఉంది. 1893లో గాని నీరందించలేదు. కోచ్‌కు 1905లో క్షయ పరిశోధనకు నోబెల్ బహుమతి లభించింది. 1910 మే 27న బాడెన్-బాడెన్‌లో ఆయన కన్నుమూశారు.