శామ్యూల్ ఇన్సల్

శామ్యూల్ ఇన్సల్ (నవంబరు 11, 1859 - జూలై 16, 1938) అమెరికాలో విద్యుత్తు వ్యాపారానికి రూపురేఖలు దిద్దిన వారిలో ముఖ్యుడు. ఈయన లండనులో జన్మించాడు. 1881లో అమెరికా చేరి థామస్ ఎడిసన్‌కు కార్యదర్శిగా పనిచేశాడు. 1892లో చికాగో ఎడిసన్ కంపెనీకి అధ్యక్షుడయ్యాడు.

సాయంత్రం దీపాలన్నీ ఒక్కసారిగా వెలిగే వేళకు సరిపడా యంత్రాలను విద్యుత్తు కంపెనీ సమకూర్చుకోవాలి. మిగిలిన సమయంలో అవి ఖాళీగా ఉన్నా, వాటి కోసం తెచ్చిన అప్పుపై వడ్డీ ఆగదు. 1894లో ఇన్సల్ ఇంగ్లండులోని బ్రైటన్‌లో ఆర్థర్ రైట్ రూపొందించిన మీటరును చూశాడు. వినియోగదారుని గరిష్ఠ వాడకాన్ని అది నమోదు చేసేది. దాని ఆధారంగా చికాగోలో రెండు భాగాల ఛార్జీని ప్రవేశపెట్టాడు. యంత్రాలు రోజంతా పనిచేసేలా కర్మాగారాలకు, ట్రాము కంపెనీలకు చౌకగా విద్యుత్తు అమ్మాడు. 1903లో ఫిస్క్ స్ట్రీట్ కేంద్రంలో 5,000 కిలోవాట్ల ఆవిరి టర్బైనును నెలకొల్పాడు.

వేళను బట్టి ధర మార్చే నేటి స్మార్ట్ గ్రిడ్‌ల ముందున్నదీ ఇదే సమస్య. అయితే రైట్ మీటరు గరిష్ఠ వాడకం ఎంతో చెప్పేదే గాని, అది ఏ గంటలో జరిగిందో చెప్పలేకపోయేది. స్మార్ట్ మీటరు ఆ లోటును తీర్చింది.

ఒకదానిపై ఒకటిగా, అప్పులతో నిర్మించిన ఇన్సల్ హోల్డింగ్ కంపెనీలు 1932లో కూలిపోయాయి. చికాగోకు విద్యుత్తు ఆగలేదు గాని, వేలాది చిన్న వాటాదారుల పొదుపు సొమ్ము పోయింది. గ్రీసుకు వెళ్ళిపోయిన ఇన్సల్‌ను 1934లో టర్కీ నుండి వెనక్కు రప్పించి విచారించారు. నిర్దోషిగా విడుదలయ్యాడు. 1935లో అమెరికా ప్రభుత్వం హోల్డింగ్ కంపెనీలను కట్టడి చేస్తూ చట్టం తెచ్చింది. అది 2005 వరకు పుస్తకాలలో నిలిచింది. ఇన్సల్ పారిస్ మెట్రో స్టేషనులో గుండెపోటుతో మరణించాడు.