తోలు అట్ట దాచుకుని పుస్తకం చింపేసిన విద్యార్థి

ఈ మధ్య ఏ సంఘంలో చూసినా ఆదివారం ప్రార్థన మనవుల్లో వీసా మాట వినబడుతోంది. హైదరాబాద్‌లోనే కాదు, నల్లమల అంచున శ్రీశైలం రోడ్డు మీదున్న మా మన్ననూరులోనూ, అటు అచ్చంపేటలోనూ అదే వరస. ఫలానావారి అబ్బాయికి కెనడాలో సీటు వచ్చింది, ఫలానావారి అమ్మాయి లండన్ వెళుతోంది, ప్రార్థన చేయండి అంటారు. పిల్లవాడు అక్కడికి పోయి చెడిపోకూడదని, ప్రభువును మరచిపోకూడదని తల్లి కన్నీళ్లతో మోకరిస్తుంది. ఈ వారం మేము చెప్పబోయేది కూడా కొడుకును సముద్రం దాటించిన ఒక తల్లి సంగతే. కాకపోతే ఆమె క్రైస్తవురాలు కాదు. కొడుకు క్రైస్తవుడైపోతాడేమోనన్నదే ఆమె భయం.

ఆ కొడుకు పేరు బక్త్ సింగ్. 1903 జూన్ 6న పంజాబ్‌లోని జోయియా అనే గ్రామంలో సిక్కు కుటుంబంలో పుట్టాడు. ఆ ఊరు ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉంది. తండ్రి జవహర్ మల్, తల్లి లక్ష్మీబాయి. కలిగిన కుటుంబం. చదువు కోసం అతణ్ణి మిషన్ పాఠశాలలో చేర్పించి హాస్టల్లో ఉంచారు. ఏళ్ల తరబడి అక్కడున్నా క్రైస్తవులంటే అతనికి ఏవగింపే. పక్కనే ఉన్న ప్రార్థనాలయంలో అడుగుపెట్టి ఎరుగడు. ఒకసారి అతనికి బైబిలు ఇచ్చారు. దాని తోలు అట్ట అందంగా ఉందని అది మాత్రం దాచుకుని, లోపలి కాగితాలన్నీ చింపి పారేశాడు. ఆ సంగతి ఆయనే తరువాత తన సాక్ష్యంలో సిగ్గుపడుతూ చెప్పుకునేవారు.

లాహోరు ప్రభుత్వ కళాశాలలో చదువుతుండగా ఇంగ్లండు వెళ్లాలన్న కోరిక పట్టుకుంది. తండ్రి ఒప్పుకోలేదు. చివరకు తల్లి అతని పక్షాన నిలబడింది. అయితే ఒక్క మాట ఇవ్వమంది. అక్కడికి వెళ్లి మన మతం మార్చుకోకూడదన్నది ఆ మాట. అంతకంటే తేలికైన మాట మరొకటి లేదనుకున్నాడు అతను. వెంటనే ఇచ్చేశాడు. 1926లో ఓడ ఎక్కాడు. లండన్‌లోని కింగ్స్ కాలేజీలో మెకానికల్ ఇంజనీరింగ్ చదువు.

ఆ రోజుల్లో మన దేశంవాడు లండన్‌లో దిగితే మొదట చూసేది తెల్లదొరల నడవడిక. పాలించేవారి ఇల్లు అది. వారిలా బట్టలు కట్టుకోవాలి, వారిలా బల్ల దగ్గర కత్తీ, ఫోర్కూ పట్టుకోవాలి, వారిలా మాట్లాడాలి. అలా చేస్తే తప్ప సాటి మనిషిగా చూడరేమోనన్న బెంగ. బక్త్ సింగ్ ఈ విద్యలన్నీ శ్రద్ధగా నేర్చుకున్నాడు. సిక్కులకు ప్రాణంతో సమానమైన తలవెంట్రుకలు కత్తిరించుకున్నాడు, గడ్డం తీసేశాడు. పొగ, మద్యం అలవాటయ్యాయి. నాటకశాలలకు, నాట్యాలకు వెళ్లాడు. యూరప్ నగరాలు తిరిగి చూశాడు. దేవుడు లేడన్నవారి వాదనలు కూడా అతనికి నచ్చాయి. తల్లికిచ్చిన మాట మాత్రం చెక్కుచెదరలేదు. ఏ మతమూ లేనివాడు మతం మార్చుకోడు కదా!

రెండేళ్లు గడిచేసరికి లెక్క చూసుకున్నాడు. నేర్చుకున్నవి చాలా ఉన్నాయి, లోపల సంతోషం మాత్రం లేదు. పైగా గర్వం, స్వార్థం పెరిగాయి. విదేశాలు చూసి వచ్చినవారు మనకు ఎత్తైన మేడల గురించి, రోడ్ల శుభ్రత గురించి చెబుతారు. అవి అబద్ధాలు కావు. అయితే ఆ దేశాల్లో తిరిగిన తనకు ఏమైందో చూసుకుని చెప్పేవారు తక్కువ. బక్త్ సింగ్ గారి సాక్ష్యంలో మాకు బాగా నచ్చేది ఇదే. పడమటి దేశాలను ఆయన తిట్టలేదు, పొగడలేదు. అక్కడ తన హృదయం ఎలా ఉండిందో మాత్రం దాచకుండా చెప్పారు.

1928 వేసవి సెలవుల్లో విద్యార్థులతో కలిసి ఓడలో కెనడా యాత్రకు బయలుదేరాడు. ఆదివారం ఓడ భోజనశాలలో ఆరాధన జరుగుతుందని తెలిసింది. అందరూ వెళుతుంటే తానొక్కడే మానేస్తే బాగుండదని వెళ్లాడు. అందరూ లేస్తే లేచాడు, కూర్చుంటే కూర్చున్నాడు. ప్రసంగం వినడం ఇష్టం లేక నిద్రపోయాడు. (ప్రసంగంలో కునుకు తీసేవారికి ఇది ధైర్యం ఇవ్వడానికి రాయడం లేదు!) చివర అందరూ ప్రార్థనకు మోకరించారు. లేచి బయటకు పోదామంటే అటూ ఇటూ మనుషులు మోకరించి ఉన్నారు. అప్పుడొక ఆలోచన వచ్చింది. దేవాలయానికి వెళితే చెప్పులు విడుస్తాం, మసీదుకు వెళితే అక్కడి మర్యాద పాటిస్తాం, ఇక్కడి మర్యాద ఎందుకు పాటించకూడదు అని. పుట్టిన గడ్డ నేర్పిన మర్యాద అది. లండన్ నేర్పిన దర్జాను పక్కన పెట్టి మోకరించాడు. ఆ క్షణంలో ఒక శక్తి, చెప్పలేని ఆనందం తనను నింపాయని, తనకు తెలియకుండానే యేసు నామాన్ని పలికానని ఆయన చెప్పేవారు. ఆ పేరును వెక్కిరించిన నోరే అది.

మరుసటి సంవత్సరం వ్యవసాయ ఇంజనీరింగ్ చదవడానికి మళ్లీ కెనడా చేరి విన్నిపెగ్ నగరంలోని మానిటోబా విశ్వవిద్యాలయంలో చేరాడు. 1929 డిసెంబరు. అక్కడి చలికాలం సంగతి మన ఎండలకు అలవాటైనవారికి చెప్పినా అర్థం కాదు, ఊరంతా మంచు కిందే ఉంటుంది. ఒక స్నేహితుణ్ణి బైబిలు ఉందా అని అడిగాడు. అతను జేబులోంచి చిన్న కొత్త నిబంధన తీసి ఇచ్చాడు. గదికి పోయి చదవడం మొదలుపెట్టినవాడు తెల్లవారుజాము దాకా ఆపలేదు. మరునాడూ అంతే. యోహాను సువార్త 3వ అధ్యాయానికి వచ్చాడు. ప్రభువు నికొదేముకు కొత్త జన్మ గురించి చెప్పిన మూడవ వచనం దగ్గర కళ్లు ముందుకు సాగలేదు. గుండె వేగంగా కొట్టుకుంది. చింపిన పుస్తకం, చేసిన పాపాలు అన్నీ గుర్తుకొచ్చాయి. మోకాళ్ల మీద పడి క్షమాపణ అడిగాడు. డిసెంబరు 16ను ఆయన తన రక్షణ దినంగా చెప్పుకునేవారు. తరువాత కొద్ది వారాల్లోనే బైబిలు ఆదినుండి అంతం వరకు చదివేశాడు. పొగ, మద్యం పోయాయి.

ఆ నగరంలోనే జాన్, ఎడిత్ హేవర్డ్ అనే దంపతులు ఆయనను భోజనానికి పిలిచారు. అలా పిలిచినవారు తమ ఇంట్లోనే ఉండిపొమ్మని చోటిచ్చారు. నాటకశాలల్లో, హోటళ్లలో చూడని మరో దేశం ఆ ఇంటి భోజనబల్ల దగ్గర ఆయనకు కనిపించింది. విదేశంలో ఉన్న మన పిల్లలకు సంఘం దొరకాలని ప్రార్థిస్తున్నాం, మంచిదే. ఈశాన్య రాష్ట్రాల నుండో, ఒడిశా నుండో పని కోసం, చదువు కోసం వచ్చి మన పక్క వీధిలో అద్దెకుంటున్న పిల్లవాణ్ణి మనలో ఎందరు ఆదివారం భోజనానికి పిలిచాం?

1932 ఫిబ్రవరి 4న వాంకోవర్‌లో బాప్తిస్మం తీసుకున్నారు. ఆ ఊరి గురించి ఒక మాట చెప్పాలి. 1914లో కొమగాట మారు అనే ఓడలో 376 మంది, ఎక్కువగా పంజాబీ సిక్కులు, ఆ రేవుకు చేరితే దాదాపు అందరినీ దిగనివ్వకుండా రెండు నెలలు నీళ్లమీదే నిలిపి వెనక్కి పంపేశారు. క్రైస్తవ దేశమని పేరున్న చోట జరిగిన పని అది. అదే వాంకోవర్‌లో ఒక పంజాబీ యువకుడు నీళ్లలోకి దిగి క్రీస్తును ఒప్పుకున్నాడు. క్రీస్తు వేరు, క్రైస్తవ దేశం వేరు అన్న తేడా తెలియకపోతే ఆ అడుగు పడేది కాదని మాకు అనిపిస్తుంది.

అదే సంవత్సరం ఏప్రిల్‌లో సేవకు పిలుపు వచ్చింది. పంజాబ్‌లోని ఆస్తిలో వాటా అడగకూడదు, ఏ సొసైటీలోనూ చేరకుండా అందరికీ సేవ చేయాలి, సొంత ప్రణాళికలు వేసుకోకూడదు. ఈ మూడింటికీ ఒప్పుకున్నాకే ఆయన తిరుగు ప్రయాణం కట్టారు.

1933 ఏప్రిల్ 6న బొంబాయిలో ఓడ దిగారు. తల్లిదండ్రులు అంత దూరం నుండి వచ్చారు. అప్పటికే విషయం వారికి తెలుసు. ఏడేళ్ల తరువాత కొడుకును చూసిన తల్లి. ఆమె అడిగింది ఒకే ఒక్క మాట, అదీ తప్పింది. ఆయన సాక్ష్యం చెప్పేవారు చాలామంది ఈ ఘట్టాన్ని గబగబా దాటేస్తారు. దాటేయకూడదని మా అభిప్రాయం. తల్లికిచ్చిన మాట తప్పడం చిన్న విషయం కాదు, ఆయనకూ కాలేదు. తండ్రి కఠినంగా ఏమీ మాట్లాడలేదు. కుటుంబ గౌరవం కోసం ఈ సంగతి బయట చెప్పకుండా లోపలే ఉంచుకోమన్నాడంతే. ఎంతోమంది ఒప్పుకునే సర్దుబాటు అది. మనుషులు ఊపిరి పీల్చకుండా ఎలా బతకలేరో తాను క్రీస్తును దాచుకుని అలా బతకలేనని బక్త్ సింగ్ జవాబిచ్చారు. ఆయనను బొంబాయిలో వదిలి వాళ్లు వెళ్లిపోయారు. ఇంగ్లండు, కెనడాలలో చదివిన ఇంజనీరు చేతిలో బైబిలుతో ఆ నగరం వీధుల్లో ఒంటరిగా నిలబడ్డారు. వీధి సువార్తతోనే సేవ మొదలైంది.

తరువాతి చరిత్ర మన సంఘాలకు తెలిసిందే. 1937లో పంజాబ్‌లోని మార్టిన్‌పూర్‌లో గొప్ప ఉజ్జీవం. 1941లో మద్రాసులో యెహోవా షమ్మా, ఆ డిసెంబరులోనే మొదటి పరిశుద్ధ కూడిక. 1950లో హైదరాబాద్ గోల్కొండ క్రాస్ రోడ్స్ దగ్గర హెబ్రోను. తెలుగు రానివాడు తెలుగువారి మధ్య అర్ధశతాబ్దం గడిపారు, అనువాదకులను పక్కన పెట్టుకుని ప్రసంగించారు.

ఆ కూడికలు చూసినవారికి ఒక సంగతి తెలుసు. పందిరి కింద నేలమీద చాపలు. చెప్పులు బయట. పాటలకు మన దేశపు రాగాలు, మన వాయిద్యాలు. భోజనవేళ వేలమంది ఒకే వరుసలో కూర్చుని అన్నం తింటారు, పక్కవాడి కులం ఏమిటని అడిగేవారు లేరు. డబ్బు కోసం విజ్ఞప్తులు చేయరు. నాయకుడు తెల్లని సాదా బట్టల్లో ఉంటారు. దొరల బల్ల మర్యాదలన్నీ నేర్చిన మనిషి ఏర్పాటు చేసిన బంతి అది. మిషనరీలు వేసిన బెంచీలను ఆయన తప్పుపట్టారని కాదు. మన రైతు, మన కూలి మనిషి కొత్త మర్యాదలేవీ నేర్చుకోనక్కరలేకుండా తన ఇంట్లో కూర్చున్నట్టే దేవుని సన్నిధిలో కూర్చోవాలనుకున్నారు. మన్ననూరు వైపు పల్లెల్లో ఏ ఇంటి కూడికకు వెళ్లినా గుమ్మం బయట చెప్పులు, లోపల చాపలే. ఎక్కడ నేర్చుకున్నారని అడిగితే నవ్వుతారు.

1946 డిసెంబరులో ఆయన మళ్లీ కెనడాలో ఉన్నారు, ఈసారి బోధకునిగా. టొరంటోలో జరిగిన విద్యార్థుల మిషనరీ మహాసభలో, ఒకప్పటి తనలాంటి యువకుల ముందు వాక్యం చెప్పారు. అక్కడ స్థిరపడటానికి దారులు లేకపోలేదు. తిరిగి మన చాపల దగ్గరికే వచ్చారు.

చివరి సంవత్సరాలు పార్కిన్సన్స్ వ్యాధితో హెబ్రోనులో మంచం మీదే గడిచాయి. 2000 సెప్టెంబరు 17న ప్రభువు సన్నిధికి చేరారు. పంజాబ్‌లో వాటా అడగని ఆ మనిషిని హైదరాబాద్ నారాయణగూడ సమాధుల తోటలో పెట్టడానికి తెలుగు పల్లెల నుండి జనం రాత్రంతా ప్రయాణం చేసి వచ్చారు.