పొగమంచులో మోగిన గంట

మార్గశిర, పుష్య మాసాలలో తెల్లవారుజామున గుడియాత్తం నుండి పలమనేరు వైపు ప్రయాణించిన వారికి పొగమంచు అంటే ఏమిటో వేరుగా చెప్పనక్కరలేదు. ఎదురుగా వస్తున్న లారీ దగ్గరకు వచ్చేదాకా కనబడదు. డ్రైవరు దీపాలు వేసుకొని, హారన్ మోగిస్తూ, ఎదుటివాడు వింటున్నాడన్న నమ్మకంతోనే బండి నడుపుతాడు. నూట ఇరవై ఏళ్ళ క్రితం సముద్రంలో ఓడలు కూడా ఇలాగే నడిచేవి. అయితే ఓడకు బండిలాగా బ్రేకులుండవు. ఆపాలన్నా, తిప్పాలన్నా ఎంతో దూరం పడుతుంది. పొగమంచులో ఓడకు ఒక కన్ను అమర్చాలని తలచి, ఆ పని చేసి చూపిన తొలి వ్యక్తి క్రిస్టియన్ హ్యూల్స్‌మయర్ అనే జర్మన్ యువకుడు. నేడు మనం రాడార్ అని పిలిచే సాధనానికి ఆయన మూలపురుషుడు.

హ్యూల్స్‌మయర్ 1881 డిసెంబరు 25న ఉత్తర జర్మనీలోని ఐడెల్‌స్టెట్ అనే పల్లెలో జన్మించారు. ఐదుగురు సంతానంలో ఆయనే కడపటివాడు. 1896లో బ్రెమెన్ నగరంలోని ఉపాధ్యాయ శిక్షణ పాఠశాలలో చేరారు. అక్కడి భౌతికశాస్త్ర ప్రయోగశాల ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది. రేడియో తరంగాలు లోహానికి తగిలి వెనుకకు మళ్ళుతాయని హైన్రిక్ హెర్ట్జ్ అప్పటికి కొన్నేళ్ళ క్రితమే నిరూపించారు. మన దేశంలో జగదీశ్ చంద్ర బోస్ 1895లో కలకత్తాలో గోడల గుండా ఈ తరంగాలను పంపి, ఆవల ఉన్న గంటను మోగించి చూపారు. హెర్ట్జ్ ప్రయోగాలను హ్యూల్స్‌మయర్ తన చేతులతో తిరిగి చేసి చూశారు. అద్దం వెలుతురును మళ్ళించినట్లు ఇనుము ఈ తరంగాలను మళ్ళిస్తున్నదంటే, ఇనుప ఓడ కూడా మళ్ళించాలి కదా అన్న ఆలోచన ఆయన మనస్సులో నాటుకొన్నది.

వేజర్ నదిపై రెండు ఓడలు ఢీకొన్నప్పుడు, కొడుకును పోగొట్టుకొన్న ఒక తల్లి దుఃఖాన్ని ఆయన కళ్ళారా చూశారనీ, ఆ దృశ్యమే ఆయనను ఈ పనికి పురికొల్పిందనీ చెబుతారు. 1900లో శిక్షణ పూర్తి కాకుండానే పాఠశాల విడిచి, బ్రెమెన్‌లోని సీమెన్స్ కర్మాగారంలో పని నేర్చుకోవడానికి చేరారు. 1902లో ఆ ఉద్యోగాన్నీ వదలి, డ్యూసెల్డార్ఫ్‌లో ఉన్న అన్నగారి వద్దకు వెళ్ళి పరిశోధనలో మునిగిపోయారు. చేతికందిన సర్టిఫికేటును విలువైనదిగా దాచుకొనే మాబోటి ఉపాధ్యాయులకు ఆ తెగువ ఆశ్చర్యం కలిగిస్తుంది.

ఆలోచన ఉన్నది గాని ధనం లేదు. పెట్టుబడిదారు కోసం ఆయన పత్రికలో ప్రకటన వేయించారు. దానికి స్పందించినవాడు హైన్రిక్ మాన్‌హైమ్ అనే కొలోన్ నగర తోలు వ్యాపారి. పేర్ణాంబట్టు, ఆంబూరు, రాణిపేటలలో తోలు పరిశ్రమను ఎరిగిన మన ప్రాంతపు పాఠకులకు ఈ సంగతి ఆసక్తి కలిగించక మానదు. ప్రపంచంలో తొలి రాడార్‌కు ఊతమిచ్చినది తోలు వ్యాపారంలో సంపాదించిన సొమ్ము.

1904 మే నెలలో కొలోన్‌లో, రైన్ నదిపై గల వంతెన వద్ద ప్రయోగం జరిగింది. హ్యూల్స్‌మయర్ వయస్సు అప్పటికి ఇరవై రెండేళ్ళు. యంత్రం పేరు టెలిమొబైలోస్కోప్. అందులో ఒక భాగం విద్యుత్ మెరుపుల ద్వారా రేడియో తరంగాలను ఒక దిక్కుకు పంపుతుంది. అవి ఓడకు తగిలి తిరిగి రాగానే రెండవ భాగం పసిగట్టి గంట మోగిస్తుంది. నదిలో పడవ దగ్గరకు రాగానే గంట మోగింది. పడవ తరంగాల దారి నుండి తప్పుకోగానే ఆగిపోయింది. రేడియో తరంగాల సాయంతో ఒక ఓడ ఉనికిని కనిపెట్టి చూపడం అదే ప్రథమం. ఆ జూన్ నెలలో హాలెండ్‌లోని రోటర్‌డామ్ రేవులో నౌకా సంస్థల ప్రతినిధుల ముందు కొలంబస్ అనే నావపై మరల ప్రయోగం చేశారు. ఓడ ఎంత దూరంలో ఉన్నదో కోణాన్ని బట్టి లెక్కగట్టే పద్ధతికి కూడా అదే ఏడాది పేటెంటు దరఖాస్తు చేశారు. చెట్టు ఎక్కకుండానే దాని ఎత్తు కనుగొనే మన పాఠశాల గణితం వంటిదే అది.

గంట మోగింది గాని వినేవారు లేకపోయారు. జర్మన్ నౌకాదళం అక్కరలేదన్నది. టెలిఫుంకెన్ సంస్థ కొనలేదు. యంత్రంలోనూ లోపాలుండేవి. అది కొద్ది దూరం మాత్రమే చూడగలిగేది. సమీపంలో మరొక రేడియో పనిచేస్తే ఆ తరంగాలకు కూడా గంట మోగే అవకాశముండేది. ఓడల యజమానుల చూపంతా మార్కోనీ తంతిలేని వార్తా సాధనంపై నిలిచింది. 1905లో కంపెనీ మూతపడింది. ఆ తరువాత ఏడేళ్ళకు, 1912 ఏప్రిల్‌లో, టైటానిక్ మంచుకొండను ఢీకొని సుమారు 1,500 మంది ప్రాణాలు కోల్పోయారు.

హ్యూల్స్‌మయర్ కుంగిపోలేదు. 1910లో వివాహం చేసుకొని ఆరుగురు బిడ్డల తండ్రి అయ్యారు. డ్యూసెల్డార్ఫ్‌లో ఆవిరి బాయిలర్లకు కావలసిన పరికరాల కర్మాగారం నడిపారు. జీవితకాలంలో సుమారు 180 పేటెంట్లు పొందారు. 1935లో ఇంగ్లండులో రాబర్ట్ వాట్సన్-వాట్ రేడియో తరంగాలతో విమానాన్ని పసిగట్టారు. రెండవ ప్రపంచ యుద్ధంలో రాడార్ దేశాల తలరాతనే మార్చింది. తొలి అడుగు వేసిన మనిషి అప్పుడు బాయిలర్లు చేసుకొంటున్నారు. 1950ల దశకంలో, వార్ధక్యంలో గాని ఆయనకు తగిన గౌరవం లభించలేదు. 1957 జనవరి 31న ఆర్‌వైలర్ పట్టణంలో కన్నుమూశారు.

నేటి ఓడ రాడార్ గంట మోగించి ఊరుకోదు. తిరిగే యాంటెన్నా నుండి అతి చిన్న తరంగపు తునకలను పంపి, అవి తిరిగి రావడానికి పట్టే కాలాన్ని కొలుస్తుంది. రేడియో తరంగం వేగం సెకనుకు సుమారు 3 లక్షల కిలోమీటర్లు. 3 కిలోమీటర్ల దూరంలోని ఓడ నుండి తరంగం తిరిగి రావడానికి సెకనులో 50,000వ వంతు చాలు. తెర మధ్యలో మన ఓడ, చుట్టూ ఇతర ఓడలు చుక్కలుగా కనబడతాయి. ఎదుటి ఓడ దూరం తగ్గుతూ, దిక్కు మాత్రం మారకుండా ఉన్నదంటే రెండూ ఢీకొనబోతున్నాయని అర్థం. ఈ ఒక్క సూత్రాన్ని గుర్తుంచుకొని, చుక్కను మరల మరల చూసి, గుర్తు పెట్టుకొని లెక్కవేయాలి. కట్టుమరం వంటి చెక్క పడవ తరంగాలను బలంగా మళ్ళించదు గనుక తెరపై కనబడకపోవచ్చు. అందువల్ల కంటి కాపలా ఎన్నటికీ మానరాదు. అరకొర రాడార్ సమాచారంతో నిర్ణయానికి రాకూడదని 1972 నాటి అంతర్జాతీయ నౌకాయాన నియమాలు కూడా శాసిస్తున్నాయి.

ఆ నియమానికి చేదు అనుభవమే కారణం. హ్యూల్స్‌మయర్ మరణానికి ఆరు నెలల ముందు, 1956 జూలై 25 రాత్రి, అమెరికా తీరాన ఆండ్రియా డోరియా, స్టాక్‌హోమ్ అనే ఓడలు ఢీకొన్నాయి. రెండింటిలోనూ రాడార్ ఉన్నది. రెండూ ఒకదానినొకటి ముందుగానే తెరపై చూశాయి. చూసినదానిని తప్పుగా అర్థం చేసుకొన్నందున 51 మంది మరణించారు. ఇది ఎక్కడో జరిగిన కథ అనుకోనక్కరలేదు. మనకు సమీపంలోని ఎన్నూరు రేవు వెలుపల 2017 జనవరి 28 తెల్లవారుజామున బీడబ్ల్యూ మేపుల్, డాన్ కాంచీపురం అనే ఓడలు ఢీకొన్నాయి. చమురు ఒలికి చెన్నై ఉత్తర తీరం నల్లబడింది. దానిని బకెట్లతో ఎత్తిపోసిన వారిని టీవీలలో మనమందరమూ చూశాము.

మన వేలూరు, గుడియాత్తం ప్రాంతానికి సముద్రం లేదు. అయినా మన బిడ్డలు ఓడలలోనో, నౌకాదళంలోనో, రేవులలోనో కొలువు చేయవచ్చు. వారికి ఈ జీవితం నేర్పే పాఠం ఒక్కటే. ఒక పల్లెటూరి యువకుడు పొగమంచులో గంట మోగించి చూపాడు. గంట మోగించడం యంత్రం పని. దానిని విని, అర్థం చేసుకొని, సకాలంలో దారి మార్చుకోవడం మాత్రం ఎన్నటికీ మనిషి బాధ్యతే.