హోమీ భాభా: ఇసుకలో ఇంధనం చూసిన సైంటిస్ట్.. నేటి రేర్ ఎర్త్ పోరుకు ఆనాడే పునాది!

హోమీ భాభా అనగానే అందరికీ గుర్తొచ్చేది అణుశక్తే. కానీ ఎలక్ట్రిక్ కార్లు, గాలిమరల కోసం దేశాలన్నీ వెంటపడుతున్న రేర్ ఎర్త్ ఖనిజాల కథలోనూ ఆయన పాత్ర పెద్దదే.

1909 అక్టోబర్ 30న ముంబైలో ఓ పార్సీ కుటుంబంలో భాభా పుట్టారు. విచిత్రం ఏంటంటే.. అదే ఏడాది తిరువితాంకూరు సంస్థానంలోని మనవాళకురిచ్చి తీరంలో మోనజైట్ ఇసుకను షోంబర్గ్ అనే జర్మన్ కెమిస్ట్ గుర్తించారు. అందులోని థోరియం అప్పట్లో గ్యాస్ దీపాల మాంటిల్స్ తయారీకి కావాలి. దాంతో ఇసుక ఓడలెక్కి విదేశాలకు పోయేది.

కేంబ్రిడ్జ్‌లో చదివిన భాభా 1939లో సెలవులకు వచ్చారు. ఇంతలో యుద్ధం మొదలైంది. ఇక్కడే ఉండిపోయారు. 1945లో టాటా ఇన్‌స్టిట్యూట్ స్థాపించారు. 1948లో అణుశక్తి కమిషన్ తొలి ఛైర్మన్ అయ్యారు.

దేశంలో యురేనియం తక్కువ, థోరియం ఎక్కువ. అందుకే మోనజైట్‌ను ముడిసరుకుగా అమ్ముకోకుండా ఇక్కడే శుద్ధి చేయాలన్నది ఆయన పట్టుదల. 1950లో ఇండియన్ రేర్ ఎర్త్స్ సంస్థ ఏర్పాటైంది. 1952లో కేరళలోని ఆలువాలో ఫ్యాక్టరీని నెహ్రూ ప్రారంభించారు. అక్కడ రేర్ ఎర్త్స్‌ను వేరు చేసేవారు. థోరియం ట్రాంబేకు వెళ్లేది.

నిజానికి భాభాకు కావాల్సింది థోరియమే. రేర్ ఎర్త్స్ దానితోపాటు వచ్చిన సరుకు. 1966 జనవరి 24న ఆల్ప్స్ పర్వతాల్లో విమానం కూలి ఆయన చనిపోయారు. ఎలక్ట్రిక్ మోటార్లకు ప్రాణమైన నియోడిమియం అయస్కాంతాలు వచ్చింది 1980ల్లో. అప్పటి ఉపఉత్పత్తే ఇప్పుడు అసలు సరుకైంది!

2025 ఏప్రిల్‌లో చైనా 7 రకాల రేర్ ఎర్త్స్, వాటితో చేసే అయస్కాంతాల ఎగుమతులపై ఆంక్షలు పెట్టింది. కార్ల కంపెనీలు బెంబేలెత్తాయి. మన దగ్గర సరుకు లేదా అంటే.. ఉంది. భీమునిపట్నం సహా దేశ తీరాల్లో, ఎర్ర ఇసుక నేలల్లో 1.31 కోట్ల టన్నులకు పైగా మోనజైట్ ఉన్నట్టు కేంద్రం లెక్క. 2023లో విశాఖలో సమారియం-కోబాల్ట్ అయస్కాంతాల ప్లాంట్ కూడా వచ్చింది. కానీ దాని సామర్థ్యం ఏడాదికి 3,000 కిలోలే. కార్లకు కావాల్సిన నియోడిమియం అయస్కాంతాలు ఇప్పటికీ ఎక్కువగా చైనా నుంచే రావాలి.

ఇసుక ఉంటే చాలదు.. దాన్ని వస్తువుగా మార్చే ఫ్యాక్టరీ కూడా మన గడ్డ మీదే ఉండాలి. భాభా ఆలువాలో వేసింది ఆ దారిలో తొలి అడుగు. అయస్కాంతం దాకా మిగిలిన దూరమే ఇప్పుడు అసలు పరీక్ష.