కలకత్తా విడిదిలో మీర్జా గాలిబు

కవుల చరిత్రము వ్రాయువారు వారు పుట్టిన యూరిని, గిట్టిన యూరిని మిక్కిలి శ్రద్ధతో నిర్ణయింతురు. నడుమ నేదో పనిమీద పోయి కొంతకాలము తలదాచుకొనిన యూరిని ఒక వాక్యముతో దాటిపోవుదురు. మీర్జా అసదుల్లాఖాన్ గాలిబు (1797–1869) విషయమున నిట్లు దాటిపోవుట తగదు. ఆగ్రా ఆతని జన్మస్థానము, ఢిల్లీ నివాసస్థానము. అయినను 1828, 1829 సంవత్సరములలో సుమారు ఏడాదిన్నర కాలము కలకత్తాలో ఆతడు గడపిన అద్దెయింటి జీవితము ఆతని భాషాదృష్టిని కడవఱకును శాసించినది. దాశరథి కృష్ణమాచార్యులు 1961లో గాలిబ్ గీతాలు ప్రకటించినది మొదలు తెలుగువారికీ కవి ఉర్దూకవిగా సుపరిచితుడు. తానుమాత్రము పారసీకకవిగనే లెక్కకెక్కగోరిన వాడీతడు. ఈ రెండు భాషల పెనుగులాట స్పష్టముగా బయటపడిన తావు కలకత్తా.

కలకత్తా ప్రయాణమునకు కారణము కవిత్వము కాదు, వ్యాజ్యము. గాలిబునకు తండ్రి పసితనముననే గతించెను. పెంచిన పినతండ్రి నస్రుల్లాబేగుఖాను 1806లో మరణించెను. ఆతని కుటుంబపోషణమునకై ఫిరోజ్‌పూర్ ఝిర్కా జాగీరుదారైన అహమద్ బఖ్ష్‌ఖాను ఏటేట పదివేల రూపాయలు చెల్లింపవలెనని ఏర్పాటయ్యెను. కాని అదే సంవత్సరమున వెలువడిన మఱియొక పత్రము ఆ మొత్తమును అయిదువేలకు తగ్గించి, అందు రెండువేలను ఖ్వాజాహాజీ యను వేఱొకనికి కేటాయించెను. గాలిబు వంతునకు వచ్చినది ఏడాదికి 750 రూపాయలు, అనగా నెలకు అఱువదిరెండున్నర. ఒకవైపు అప్పులవారి ఒత్తిడి, మఱియొకవైపు తమ్ముని మతిభ్రమణము. వీనితో వేగలేక, కంపెనీ ప్రభుత్వపు అత్యున్నతాధికారులకే మొఱపెట్టుకొన నిశ్చయించి 1826లో ఆతడు ఢిల్లీ విడిచెను.

కాన్పూరు, లక్నో, బాందా, అలహాబాదు, కాశీనగరములమీదుగా ప్రయాణము మెల్లగా సాగినది. లక్నోలో మంత్రిదర్శనము లభించునట్లే యుండెను. కాని మంత్రి లేచి తన్ను గౌరవింపవలెనని, తాను కానుక సమర్పింపనక్కఱలేకుండవలెనని గాలిబు నియమములు పెట్టుటచే ఆ దర్శనము జరుగలేదు. కాశీలో నున్న దినములలో ఆ నగరమును కీర్తించుచు చిరాగె దైర్, అనగా ఆలయదీపము, అను పారసీక మస్నవిని రచించెను. 1828 ఫిబ్రవరిలో కలకత్తా చేరి, సిమ్లాబజారున నొక విశాలమైన యింటిని అద్దెకు తీసికొనెను. ఇల్లు వెదకుటకై శ్రమపడనక్కఱలేకపోయెను. పెరటిలో మంచినీటి బావియు, చాలినంత చోటును గల ఆ గృహము ఆతనికి నచ్చినది.

నాటి కలకత్తాలో పారసీకపండితుడు పరదేశి కాడు. న్యాయస్థానములందు 1837 వఱకును పారసీకము చెల్లుచుండెను. 1822లోనే రామమోహనరాయలు అక్కడ పారసీకమున మిరాతుల్ అఖ్బార్ పత్రికను నడపియుండెను. ముద్రాలయములును, కళాశాలలును, ఆవిరిశక్తితో నడచు యంత్రములును గల నగరమది. గాలిబు ఆ నగరపు గాలిని, ఫలములను, గోష్ఠులను ప్రేమించెను. హుగ్లీ ఇమాంబారా ధర్మకర్తకు మామిడిపండ్లు పంపుమని లేఖ వ్రాసెను. ఒక గోష్ఠిలో నెవరో చేతనుంచిన పోకచెక్కను వర్ణించుచు అప్పటికప్పుడు ఉపమాపరంపరతో ఉర్దూపద్యములు చెప్పెను.

వ్యాజ్యము మాత్రము ముందునకు సాగలేదు. ప్రభుత్వ పారసీక కార్యదర్శి ఆండ్రూ స్టర్లింగు ఆదరముతో విన్నను, అభియోగము ముందుగా ఢిల్లీ రెసిడెంటు ద్వారా రావలెనని తేలెను. తాను విడిచివచ్చిన ఊరికే కాగితములు తిరిగి పోయినవి. ఎదురుచూచుటయే పనియైన ఆ కాలమున, కలకత్తా మదరసాలో నెలనెలా జరుగు కవిసమ్మేళనమున గాలిబు తన పారసీక గజలును చదివెను. అందొక సమాసము సాధువు కాదని కొందఱు ఆక్షేపించి, ఖతీల్ అను లాక్షణికుని మతమును ప్రమాణముగా జూపిరి. ఖతీలు ఈ దేశమున ఖత్రీకులమున పుట్టి మతము మార్చుకొనిన పండితుడు. హిందూస్థానమున పుట్టినవాని మాట తనకు పారసీకమున ప్రమాణము కాదని గాలిబు తృణీకరించెను. హిరాతునుండి వచ్చిన రాయబారి ఆతని ప్రయోగమును సమర్థించినను కలహము చల్లాఱలేదు.

ఇచ్చట భాషాశాస్త్రజ్ఞులు నిలిచి యోచింపవలసినది కలదు. తాను సైతము ఆగ్రాలో పుట్టినవాడే. జన్మముచేత భాషాధికారము వచ్చుననినచో ఆ వాదము ఆతనికే ఎదురుతిరుగును. జన్మము కాక ప్రయోగప్రామాణ్యమే గీటుఱాయి యనినచో ఖతీలును పుట్టుకనుబట్టి త్రోసివేయరాదు. ఈ చిక్కును ఆతడు విప్పలేదు. పని కావలసిన పరాయియూరిలో శత్రువులను పెంచుకొనరాదని మిత్రులు బోధింపగా బాదె ముఖాలిఫ్, అనగా ఎదురుగాలి, అను మస్నవిని వ్రాసెను. అది క్షమాపణమువలె మొదలై, వినయపుముసుగులో తన పక్షమునే నిలుపుకొనును.

ఈ పారసీక వివాదము రేగిన ఊరిలోనే ఉర్దూకవితకు మేలు జరిగినది. మౌల్వీ సిరాజుద్దీన్ అహమదను మిత్రుడు కోరగా 1828లో గాలిబు తన ఉర్దూ, పారసీక కవితలనుండి ఏర్చి గులె రానా అను సంకలనమును కూర్చెను. రెండువన్నెల పువ్వను ఆ పేరు రెండు భాషలకును సరిపడినది. ఆతని ఉర్దూ దివాను ఢిల్లీలో అచ్చగుటకు పదమూడేండ్ల పూర్వమే, తన ఉర్దూ కవితలో నిలువదగినదేదో తానే నిర్ణయించుకొనవలసిన యవసరము కలకత్తా మిత్రుడు కల్పించెను.

1829 నవంబరులో గాలిబు ఢిల్లీ చేరెను. 1831లో ప్రభుత్వము ఆతని అభ్యర్థనను త్రోసిపుచ్చెను. తరువాతి విజ్ఞప్తులు సైతము ఫలింపలేదు. అప్పులు పెరిగినవి. కాని కలకత్తాలో రేగిన వాదము మాసిపోలేదు. 1862లో ఆతడు ఖాతె బుర్హాన్ ప్రకటించి, బుర్హానె ఖాతె అను ప్రసిద్ధ పారసీక నిఘంటువును ఖండించెను. ఆ నిఘంటువు పదునేడవ శతాబ్దమున గోలకొండలో అబ్దుల్లా కుతుబ్‌షాహి ఆశ్రయమున, అనగా తెలుగు నేలమీదనే, కూర్పబడినది. దక్కనువాడని గాలిబు ఆ నిఘంటుకర్తను ఎగతాళిచేసెను. ఖండనములు, ప్రతిఖండనములు వెల్లువెత్తి, తుదకు 1867లో గాలిబు న్యాయస్థానమునందు పరువునష్టపు అభియోగము వేయువఱకు వచ్చినది.

ఇట్లు ఏ ఫలమునాశించి కలకత్తాలో కాపురము పెట్టెనో అది గాలిబునకు దక్కలేదు. పారసీకమున తన అధికారమును అందఱిచేత ఒప్పింపవలెనను కోరికయు తీరలేదు. తాత్కాలికమనుకొన్న విడిది జీవితకాలపు వాదమునకు మూలమైనది. తాను చిన్నచూపు చూచిన ఉర్దూయే ఆతని కీర్తికి శాశ్వతగృహమైనది. భాషలో ఎవరు ఇంటివారు, ఎవరు అద్దెకుండువారు అను ప్రశ్నకు పుట్టుక ఉత్తరము చెప్పజాలదనుటకు ఈ జీవితమే తార్కాణము.