మార్లవాయిలోని రెండు సమాధులు



ఈ మాసము రూతు గ్రంథము మొదటి అధ్యాయము చదువుకొనుచుండగా, అత్తను పాతిపెట్టు చోటనే తన్నును పాతిపెట్టవలెనని కోరిన ఆ మోయాబీయురాలిని బట్టి మాకు ఆదిలాబాదు కొండలలోని మార్లవాయి అను గోండు పల్లె జ్ఞాపకము వచ్చెను. అక్కడ ఇద్దరు తెల్లవారి సమాధులు ప్రక్కప్రక్కన ఉన్నవి. వారు మిషనరీలు కారు.

ఆయన పేరు క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమండార్ఫ్. 1909లో ఆస్ట్రియా దేశపు వియన్నా పట్టణములో పుట్టెను. జనుల ఆచారవ్యవహారములను పరిశోధించుట ఆయన విద్య. అందుకొరకే 1936లో నాగా కొండలకు వచ్చెను. 1938లో హిట్లరు ఆస్ట్రియాను జర్మనీలో కలుపుకొనగా ఆయన పుట్టిన దేశము పటములో లేకపోయెను. చేతికి జర్మను పాసుపోర్టు వచ్చెను. ఆ యేడే బెట్టీ బర్నార్డో అను ఇంగ్లీషు యువతిని వివాహమాడెను. 1939లో దంపతులు ఇండియాలో ఉండగా యుద్ధము మొదలాయెను. ఇంగ్లీషువారికి ఆయన ఇక శత్రుదేశస్థుడు. నిజాము రాజ్యము దాటరాదని కట్టడి చేసిరి.

స్వదేశము పోయినవానికి అడవులు దొరికెను. నల్లమలలో చెంచుల నడుమను, గోదావరి కొండలలో కొండరెడ్ల నడుమను దంపతులు కాపురముండిరి. కొండరెడ్లు మన తూర్పు కనుమలవారే. వారిని గూర్చి ఆయన వ్రాసిన పుస్తకములను పండితులు నేటికిని చదువుచున్నారు.

1940లో జోడేఘాటున కొమరం భీము పోలీసు కాల్పులలో చనిపోయెను. గోండులు ఎందుకు తిరుగబడిరో తెలిసికొనుటకు నిజాము ప్రభుత్వము హైమండార్ఫును పంపెను. ఆయన ఎక్కువ దూరము వెదకవలసిన పని లేకపోయెను. తాతలనాటి చేనికి కాగితము లేదు. కాగితము చూపినవాడు చేను తీసికొనెను. అరకు లోయలో ఈ మాట ఎవరికిని వివరింపనక్కరలేదు. ఆయన పట్టుబట్టి చెప్పగా పట్టాలు పంచిరి. 1949 నాటికి గిరిజనులకు చేరిన భూమి సుమారు 1,60,000 ఎకరములు. మార్లవాయిలో గోండు ఉపాధ్యాయుల శిక్షణ కేంద్రము పెట్టించి, గోండీ భాషలోనే వాచకములు వ్రాయించెను. చెప్పినది నిజాము కొలువులో ఉండియే. అయినను భూమి గోండులకే చేరెను.

ఒక సంగతి దాచకూడదు. నాగా కొండలలో బాప్టిస్టు మిషనరీలు జనుల ఉడుపులను, పండుగలను మాన్పించిరని ఆయన తన పుస్తకములో గట్టిగా తప్పుపట్టెను. మొదట విన్నప్పుడు మాకు కోపము వచ్చెను. మిషను సెమినరీలో చదివినవారము గదా! అయితే క్రొత్తగా బాప్తిస్మము పొందినవారిని థింసా ఆటకు పోవద్దని మేమే గద్దించిన దినములు కలవు. అందువలన ఎవరి విశ్వాసము ఎంత బలపడెనో ఈనాడు మేము చెప్పలేము. ఆట మాత్రము కొన్ని ఇండ్లలో నిలిచిపోయెను.

యుద్ధము ముగిసిన తరువాత ఆయన లండనులో ఆచార్యుడాయెను. అయినను దంపతులు మరల మరల కొండలకు వచ్చుచుండిరి. పనిలో ఆమె పేరు వెనుకబడెను గాని, అడవిలో ఆమె నడవని బాట లేదు. 1987 జనవరిలో హైదరాబాదులో ఆమె మరణించగా, ఆమె కోరిక ప్రకారము మార్లవాయిలో పాతిపెట్టిరి. ఆయన 1995లో లండనులో మరణించెను. పదునేడేండ్లు గడచిన పిమ్మట, 2012లో, కుమారుడు ఆయన అస్థికలను తెచ్చి తల్లి ప్రక్కనే ఉంచెను.

ప్రతి జనవరి 11వ తేదీన గోండులు ఆ సమాధులయొద్ద కూడుకొని ఆ యిద్దరిని తలచుకొనుచుందురు.