వర్ణలేఖన పితామహుడు మిఖాయిల్ త్స్వెత్

రష్యన్ భాషలో 'త్స్వెత్' అనగా రంగు. ఆ ఇంటిపేరు గల శాస్త్రజ్ఞుడే ఆకుపచ్చదనంలో దాగిన రంగులను విడదీసి లోకానికి చూపడం ఒక విశేషం.

మిఖాయిల్ త్స్వెత్ 1872లో ఇటలీలోని ఆస్తి పట్టణంలో జన్మించినారు. పుట్టిన కొలది కాలానికే తల్లి మరణించింది. స్విట్జర్లాండులో పెరిగి, 1896లో జెనీవా విశ్వవిద్యాలయం నుండి డాక్టరేటు పొంది, తండ్రి దేశమైన రష్యాకు వెళ్ళినారు. విదేశీ పట్టం అక్కడ చెల్లలేదు. ఆయన నిరాశ చెందక మరల పరీక్షలకు కూర్చుండి, 1901లో కజాన్‌లో మాస్టర్ పట్టం సంపాదించినారు. పిదప నాడు రష్యా పాలనలో నున్న వార్సాకు చేరినారు.

అక్కడనే ఆయన సన్నని గాజు గొట్టంలో సుద్దపొడిని దట్టించి, పైన ఆకురసాన్ని, దాని వెంట శుద్ధమైన ద్రావకాన్ని పోసినారు. పొడిని గట్టిగా అంటుకొనే పదార్థం వెనుకబడింది. అంతగా అంటనిది ముందుకు సాగింది. పచ్చని, పసుపు పట్టీలు వేరువేరుగా ఏర్పడినవి. 1903లో వార్సా ప్రకృతి శాస్త్రజ్ఞుల సంఘంలో తమ పరిశోధనను వివరించి, 1906లో ఈ పద్ధతికి క్రొమటోగ్రఫీ అని పేరిడినారు. గొట్టంలోని పొడి ఎంపికయే ఈ పద్ధతికి ప్రాణమని గుర్తించి, సుద్ద, పంచదార మొదలుగా నూరుకు పైగా పదార్థాలను ఓపికతో పరీక్షించినారు.

అయినను సమకాలికులలో పలువురు ఈ పద్ధతిని శంకించినారు. పత్రహరితంపై కృషికి 1915లో నోబెల్ బహుమతి జర్మన్ శాస్త్రజ్ఞుడు విల్‌స్టాటర్‌కు లభించింది. అదే సంవత్సరం యుద్ధం వలన త్స్వెత్ వార్సా విడువవలసి వచ్చింది. ఊరూరు తిరిగి, 1919లో వొరోనెజ్‌లో, 47 ఏండ్లకే కన్నుమూసినారు.

1931లో హైడెల్‌బర్గ్ శాస్త్రజ్ఞులు ఆయన పద్ధతిని పునరుద్ధరించినారు. 1941లో మార్టిన్, సింజ్ నీటితో తడిపిన సిలికాను గొట్టంలో నింపి క్రొత్త మార్గం చూపి, 1952లో నోబెల్ బహుమతి పొందినారు. నేడు ఉక్కు గొట్టాలలో, 18 కార్బన్‌ల గొలుసులు తొడిగిన అతిసూక్ష్మ సిలికా రేణువుల నడుమ, పంపు ఒత్తిడితో ద్రావకం ప్రవహిస్తున్నది. రక్తంలోని మందు పరిమాణాన్ని, మాత్రలోని మాలిన్యాన్ని ఈ పద్ధతియే తేల్చుచున్నది. మన హైదరాబాదు ఔషధ పరిశ్రమల ప్రయోగశాలలలోనూ ఇది నిత్యకృత్యం.

విద్యార్థి మిత్రులారా! ఒకనాడు ఆయన పట్టం చెల్లదన్నారు. నేడు ప్రపంచమంతటా మందుల స్వచ్ఛతకు ఆయన పద్ధతియే యోగ్యతాపత్రం. పట్టం నిరాకరింపబడిననాడు ఆయన పుస్తకం మూయలేదన్న సంగతి మనం మరువరాదు.